పెట్టె విప్పని బొమ్మ

స్త్రీల హక్కుల పత్రికలో బొమ్మల మీద సంపాదకీయం ఏమిటని కొందరు మొహం చిట్లించవచ్చు. ఒక్క నిమిషం ఆగి ఆలోచించమని కోరుతున్నాం. తపాలా బిళ్ళలో, పాత నాణేలో, గడియారాలో పోగుచేసే మగవాణ్ణి సమాజం గౌరవంగానే చూస్తుంది. పేపర్లో అతని ఫోటో వేస్తుంది. ఇంటికొచ్చిన వాళ్ళకి భార్యే ఆ ఆల్బం తెచ్చి చూపిస్తుంది, మధ్యలో కాఫీ కూడా ఇస్తుంది. అదే నలభై ఏళ్ళ స్త్రీ తన జీతంలోంచి బొమ్మలు కొని అలమారలో వరసగా పెట్టుకుంటే పిచ్చి అంటారు, పిల్లతనం అంటారు, డబ్బు దండగ అంటారు. పోపుల డబ్బాలో దాచుకున్న నోటు కూడా ఇంటిదే తప్ప ఆమెది కాదన్న నమ్మకం నుంచి వచ్చే మాటలివి.

ఫ్యాషన్ బొమ్మల సేకరణ అన్నిటికన్నా ఎక్కువగా పెరిగింది బార్బీ చుట్టూ. కనుక దాని గురించే మాట్లాడుకుందాం. ఆ బొమ్మ నడుమునీ, రంగునీ, దాని వెనక ఉన్న అందం వ్యాపారాన్నీ స్త్రీవాదులు విమర్శిస్తూనే వచ్చారు. ఆ విమర్శలో ఒక్క మాట కూడా మేము వెనక్కి తీసుకోవడం లేదు. అయితే అదంతా ఎక్కువగా ఆడుకునే పసిపిల్ల గురించి. ఇక్కడ మన ముందున్నది ఎదిగిన స్త్రీ. ఏది కావాలో కాగితం మీద రాసుకుని, డబ్బు కూడబెట్టి, వెతికి, బేరమాడి కొనుక్కునే మనిషి. అమెరికాలో, యూరప్‌లో ఇలాంటి వాళ్ళు వేలల్లో ఉన్నారు. జర్మనీకి చెందిన బెట్టినా డోర్ఫ్‌మన్ దగ్గర 15,000 బార్బీలున్నాయని 2011లో గిన్నిస్ రికార్డుకెక్కింది.

ఈ వ్యాపకంలో దిగిన ప్రతివారికీ ఒక లక్ష్యం ఉంటుంది. 1960ల నాటివి మాత్రమే కొనాలని ఒకరు, ప్రతి క్రిస్మస్‌కీ వచ్చే బొమ్మ తప్పకుండా ఉండాలని ఒకరు, చిన్నప్పుడు కొనివ్వని ఆ ఒక్క బొమ్మ దొరికితే చాలని మరొకరు. లక్ష్యం లేకపోతే ఇల్లు నిండుతుంది, జేబు ఖాళీ అవుతుంది, కాబట్టి లక్ష్యం పెట్టుకోవడం వివేకమేనని వాళ్ళు చెప్తారు. నిజమే. కానీ మేము అడగదలచింది వేరే. ఆ జాబితా రాసిందెవరు?

1959 మార్చి 9న న్యూయార్క్ ఆటబొమ్మల ప్రదర్శనలో మాటెల్ కంపెనీ బార్బీని మొదటిసారి బయటపెట్టింది. పదకొండున్నర అంగుళాల బొమ్మ, నలుపు తెలుపు చారల ఈత దుస్తులు, ధర మూడు డాలర్లు. దాన్ని తలపెట్టింది రూత్ హాండ్లర్ అనే స్త్రీ. బిల్డ్ లిల్లీ అనే జర్మన్ బొమ్మ దానికి నమూనా. ఆ లిల్లీ ఒక పత్రికలో వచ్చిన కార్టూన్ పాత్ర, మొదట్లో పెద్దవాళ్ళ వేళాకోళానికి, ముఖ్యంగా మగవాళ్ళ వేళాకోళానికి అమ్మిన సరుకు. ఇదంతా చాలామంది రాశారు. మనకి ఇక్కడ కావలసింది అంతకన్నా చిన్న సంగతి. బొమ్మతో పాటు పెట్టెలో ఒక బుల్లి పుస్తకం ఉండేది. విడిగా కొనుక్కోవలసిన దుస్తులన్నిటికీ చిత్రాలు గీసి, పేర్లు పెట్టి అందులో వేశారు. అంటే బొమ్మ చేతికొచ్చిన నిమిషంలోనే, తన దగ్గర లేనివాటి జాబితా కూడా ఆ పిల్ల చేతికొచ్చేది. కంపెనీ లాభం బొమ్మ కంటే బట్టల మీద ఎక్కువ ఆధారపడిందని వేరే చెప్పక్కర్లేదు. ఆ పిల్లలే పెద్దయి, పోగొట్టుకున్న బార్బీల కోసం వెతకడం మొదలుపెట్టేసరికి ఏమేమి వెతకాలో చెప్పే పట్టిక ముందే అచ్చయి ఉంది.

తర్వాతి కాలంలో కంపెనీ ఆ పట్టికని పెద్దవాళ్ళ కోసమే రాయడం నేర్చుకుంది. 1988లో క్రిస్మస్‌కి ఎర్ర గౌను బార్బీ ఒకటి వచ్చింది, త్వరగా అమ్ముడైపోయింది. మరుసటి ఏడు ఇంకొకటి, ఆ మరుసటి ఏడు మరొకటి. వరసలో ఒకటి తప్పితే సేకరణకి పన్నూడినట్టే. రేపు ధర పెరుగుతుందన్న ఆశతో రెండేసి మూడేసి కొని అటక మీద దాచిన వాళ్ళున్నారు. కంపెనీ కూడా ఏడాదికేడాది ఎక్కువ తయారు చేసింది. వీధిలో ప్రతి ఇంటి అటక మీదా ఉన్న వస్తువుకి ధర ఎక్కడి నుంచి వస్తుంది? 1990ల చివరికి ఆ ఆశ అడుగంటింది. 1998తో ఆ వరస ఆగిపోయింది. 2000 దశకంలో పద్ధతి మార్చి బొమ్మలకి లేబుళ్ళు తగిలించారు. ప్లాటినం అంటే వెయ్యికి లోపు, గోల్డ్ అంటే పాతికవేలకి మించనివి, ఇలా. అరుదైనదాన్ని వెతికి పట్టుకోవడం సేకరణలో ఉన్న సరదా. ఆ అరుదుతనాన్ని కూడా ఫ్యాక్టరీలో లెక్కపెట్టి తయారు చేస్తే వెతికేవాళ్ళకి మిగిలేది క్యూలో నిలబడటమే.

ఇక పెట్టె సంగతి. సేకరించేవాళ్ళ లోకంలో అన్నిటికన్నా ఎక్కువ ధర పెట్టెలోంచి ఎన్నడూ తీయని బొమ్మకి. ఎన్.ఆర్.ఎఫ్.బి. అని దానికి నాలుగక్షరాల పొడిపేరు కూడా ఉంది. తర్వాతి మెట్టు, తీసినా మచ్చపడనిది. పిల్ల ఆడుకున్నదీ, జుట్టు దువ్విందీ, పక్కలో వేసుకు పడుకున్నదీ అన్నిటికన్నా అడుగున ఉంటుంది. ఎవరి చెయ్యీ పడకపోవడమే విలువ అనే ఈ కొలత ఆడవాళ్ళకి కొత్తదేమీ కాదు. బొమ్మకి సంబంధించినంత వరకైనా అది నిలబడదని ప్లాస్టిక్కే చెబుతోంది. తొలినాళ్ళ బార్బీల చెవులకి లోహపు కమ్మలుండేవి. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ లోహం చుట్టూ చెవి పచ్చబడుతుంది, అది బుగ్గ దాకా పాకుతుంది. ఆపాలంటే కమ్మలు తీయాలి. తీయాలంటే పెట్టె విప్పాలి. విప్పితే ధర పడిపోతుంది. అందుకని లోపల బొమ్మ పాడవుతున్నా సరే, పెట్టెని కాపాడుకుంటూ కూర్చునే వాళ్ళున్నారు.

2006లో లండన్‌లో క్రిస్టీస్ వేలంపాటలో 1965 నాటి మిడ్‌నైట్ రెడ్ బార్బీ ఒకటి 9,000 పౌండ్లు పలికింది. నెదర్లాండ్స్‌కి చెందిన తల్లీకూతుళ్ళు ఏళ్ళ తరబడి పోగుచేసిన సుమారు నాలుగు వేల బొమ్మల్లో అదొకటి. ధర పలికాక అందరూ దాన్ని పెట్టుబడి అన్నారు. అన్నేళ్ళూ ఆ తల్లి చేసిన పనికి అప్పటిదాకా ఏ పేరుండి ఉంటుందో మనం ఊహించగలం.

మన తెలుగు స్త్రీలకి బొమ్మలు పోగుచేయడం తెలియని విద్య కాదు. సంక్రాంతికో దసరాకో పెట్టే బొమ్మల కొలువు సేకరణ కాక మరేమిటి? ఏటా కనీసం ఒక కొత్త బొమ్మ చేర్చాలన్న ఆనవాయితీ లక్ష్యం కాక మరేమిటి? కొండపల్లి వడ్రంగి బొమ్మో, ఏటికొప్పాక లక్కబొమ్మో, సంతలో కొన్న మట్టిబొమ్మో, ఇవాళ చాలా ఇళ్ళలో పిల్ల తెచ్చి నిలబెట్టిన బార్బీ కూడా. పాత చీర ముక్కల్లో చుట్టి ట్రంకు పెట్టెలో దాచి, ఏడాదికోసారి అందరి చేతులా బయటికి తీస్తారు. చెయ్యి విరిగిన బొమ్మ కూడా వెనక మెట్టు మీద చోటు సంపాదించుకుంటుంది. ఇక్కడ పెట్టె ఉన్నది విప్పడానికే. అలాగని కొలువుని చూసి మురిసిపోనక్కర్లేదు. ఆ పేరంటానికి విధవల్ని పిలవని ఇళ్ళు ఎన్నో మనకి తెలుసు. ముప్ఫై ఏళ్ళు తన చేత్తో సర్దిన బొమ్మల ముందు భర్త పోయిన ఏడాది నుంచి నిలబడకూడని తల్లులు మనలో ఉన్నారు. ఏ కులం వాళ్ళకి పిలుపు వెళ్ళేదో, ఏ వాడకి వెళ్ళేది కాదో కూడా మనకి తెలుసు. కంపెనీ రాయకపోయినంత మాత్రాన జాబితా మనదైపోదు.

మాటెల్ వాళ్ళు 1980లో దేశానికో బొమ్మ చొప్పున ఒక వరస మొదలుపెట్టారు. 1982లో అందులోకి చీరకట్టిన ఇండియా బార్బీ చేరింది. ఆ చీర ఏ ప్రాంతం కట్టు అని మాత్రం అడగకండి. ఒక దేశానికి ఒక బొమ్మ, ఒక బట్ట. ఆ వరస పూర్తి చేసిన వాళ్ళకి ప్రపంచమంతా అలమారలో ఉన్నట్టే లెక్క.

పూర్తి చేయడం అన్న మాట దగ్గర ఇంకొంచెం ఆగాలి. 1965లో స్లంబర్ పార్టీ అనే దుస్తుల సెట్టు ఒకటి వచ్చింది. రాత్రి దుస్తులతో పాటు ఒక బుల్లి తూకం యంత్రం, ముల్లు 110 పౌన్ల దగ్గరే అతికించి ఉంటుంది. సన్నబడటం ఎలా అన్న బుల్లి పుస్తకం కూడా ఉంటుంది. దాని వెనక అట్ట మీద ఉన్న సలహా ఒక్కటే, తినకు అని. ఇవాళ ఆ సెట్టు పూర్తిగా ఉందనిపించుకోవాలంటే తూకం, పుస్తకం రెండూ ఉండి తీరాలి. 1992లో వచ్చిన మాట్లాడే బార్బీలు కొన్ని లెక్కల క్లాసు కష్టమని అనేవి. అమెరికాలో చదువుకున్న స్త్రీల సంఘం వాళ్ళు తప్పుపట్టారు, కంపెనీ ఆ మాట తీసేసింది. ఆ మాట పలికే బొమ్మలు తక్కువ కాబట్టి వాటికోసం ప్రత్యేకంగా వెతికే వాళ్ళున్నారు. ఆడపిల్లకి చేసిన అవమానం అరుదైతే అపురూపమవుతుందన్నమాట. వాటిని దాచకూడదని మేము అనడం లేదు. దాచండి, పక్కన అసలు కథ రాసి మరీ దాచండి. చరిత్రకి సాక్ష్యాలు కావాలి.

ఇలా దాచినవాళ్ళు నిజంగానే ఉన్నారు, వాళ్ళ వల్లే ఈ వ్యాపకం మీద మాకు గౌరవం కలిగింది. 1940లలో కెనెత్ క్లార్క్, మేమీ క్లార్క్ అనే నల్లజాతి మనస్తత్వ శాస్త్రవేత్తలు పిల్లల ముందు తెల్ల బొమ్మనీ నల్ల బొమ్మనీ పెట్టి ఏది మంచిదని అడిగారు. చాలామంది నల్ల పిల్లలు తెల్ల బొమ్మని చూపించారు. బడుల్లో జాతి వివక్ష చెల్లదని 1954లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన బ్రౌన్ కేసు తీర్పులో ఈ పరిశోధన ప్రస్తావన ఉంది. బొమ్మ కోర్టు దాకా వెళ్ళిన సందర్భం అది. బార్బీకి నల్లజాతి స్నేహితురాలుగా క్రిస్టీ 1968లో వచ్చింది. బార్బీ అన్న పేరుతోనే నల్ల బొమ్మ రావడానికి 1980 దాకా పట్టింది. దాన్ని రూపొందించింది కిట్టీ బ్లాక్ పెర్కిన్స్ అనే నల్లజాతి డిజైనరు. చిన్నప్పుడు తమలాంటి బొమ్మ అంగడిలో కనపడని స్త్రీలు పెద్దయ్యాక నల్ల బొమ్మలే కొంటామని నియమం పెట్టుకున్నారు. బార్బరా వైట్‌మన్ అలా కూడబెట్టిన బొమ్మలతోనే 1988లో ఫిలడెల్ఫియా డాల్ మ్యూజియం మొదలైంది. ఈ లక్ష్యం ఏ పెట్టెలోనూ అచ్చయి రాలేదు.

1997లో చక్రాల కుర్చీలో కూర్చున్న బెకీ అనే బొమ్మ వచ్చింది. బార్బీ డ్రీమ్ హౌస్ లిఫ్టులో ఆ కుర్చీ పట్టలేదు. ఆ సంగతి కనిపెట్టి అడిగింది సెరెబ్రల్ పాల్సీ ఉన్న ఒక హైస్కూలు అమ్మాయి. ఇల్లు మారుస్తామని కంపెనీ అంది. చివరికి ఇల్లు అలాగే ఉండి బెకీయే అంగడి నుంచి వెళ్ళిపోయింది. చక్రాల కుర్చీ ఉన్న బార్బీ, ర్యాంపుతో సహా, రావడానికి 2019 దాకా ఆగాల్సి వచ్చింది. బెకీనీ, ఆ ఇంటినీ పక్కపక్కనే పెట్టుకున్న సేకరణ ఎక్కడైనా ఉంటే వికలాంగుల హక్కుల మీద అంతకన్నా మంచి పాఠం మేము చెప్పలేం.

ఆ ఇల్లు అన్నాం కాబట్టి ఒక మాట. మొదటి డ్రీమ్ హౌస్ 1962లో అట్టతో చేసి అమ్మారు. ఒంటి మంచం, టీవీ, పుస్తకాలు, రికార్డుల ప్లేయరు. వంటగది లేదు, మొగుడు లేడు. ఆనాటి అమెరికాలో భర్తో తండ్రో సంతకం పెట్టకపోతే స్త్రీకి అప్పివ్వని బ్యాంకులు మామూలు. దాన్ని నిషేధించే చట్టం వచ్చింది 1974లో. ఇల్లు బొమ్మకి ముందొచ్చింది, అప్పు మనిషికి తర్వాతొచ్చింది. ఈ నేపథ్యంలో చూస్తే, నెలకింత అని పక్కన పెట్టి, ఒకటి అమ్మితేనే ఇంకొకటి కొంటానని గీత గీసుకుని, పద్దు రాసుకుని బొమ్మలు కొనే స్త్రీ చేస్తున్నది చిన్న పని కాదు. చాలామందికి అదే తమ పేర తాము రాసుకున్న మొదటి పద్దు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాం. తొలి బార్బీలు జపాన్‌లో తయారయ్యాయి. ఆ బుల్లి దుస్తులు, వాటి అస్తర్లు, గుండీలు, జిప్పులు చేత్తో కుట్టింది ఇళ్ళ దగ్గర కూర్చుని పనిచేసిన జపాన్ స్త్రీలు. అదే సమయంలో అమెరికాలో తల్లులు కూడా కూతుళ్ళ బార్బీలకి గౌన్లు కుట్టారు, వాటికి కత్తిరింపు నమూనాలు కూడా అంగట్లో దొరికేవి. ఈ రెండు గౌన్లలో కంపెనీ లేబులున్నది అసలుది, దానికి వందల డాలర్లు. తల్లి కుట్టింది అసలుది కాదు, దానికి విలువ లేదు. రెండూ ఇంట్లో ఆడదాని చేతి కుట్టే. ఒకామె పేరు లేబుల్ కింద పోయింది, ఇంకొకామె పని లేబుల్ లేక పోయింది.

నర్సాపురం లేసు పనివాళ్ళ మీద మరియా మీస్ రాసిన పుస్తకం 1982లో వచ్చింది. దాన్ని చదివినవాళ్ళకి ఈ కథ పాతదే. పశ్చిమ గోదావరి ఊళ్ళలో వేలమంది స్త్రీలు రోజుకి ఆరేడు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, కొక్కెం సూదితో అల్లిన లేసు విదేశాలకి వెళ్ళేది. ఎగుమతి చేసే వ్యాపారులు మగవాళ్ళు. అల్లే స్త్రీలని మాత్రం ఇంటి ఇల్లాళ్ళే, తీరిక వేళ ఏదో కాలక్షేపానికి అల్లుకుంటున్నారు అనేవారు. కాలక్షేపం అన్న ముద్ర వేస్తే కూలి తగ్గించడం సులువు. 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటి దగ్గర పనిచేసే వాళ్ళ హక్కుల కోసం 177వ ఒడంబడిక చేసింది. దాన్ని ఆమోదించిన దేశాల్లో మన దేశం లేదు.

అదే 1996లో లాస్ ఏంజిలిస్ టైమ్స్ ఒక బార్బీ ధరని విడగొట్టి చూపింది. అమెరికా అంగట్లో 9 డాలర్ల 99 సెంట్లు. చైనా నుంచి వచ్చిన ఆ బొమ్మకి ఓడలోకి ఎక్కేటప్పుడు కట్టిన విలువ రెండు డాలర్లు. అందులో చైనాలో దాన్ని చేసిన చేతులకి దక్కింది 35 సెంట్లు. బొమ్మల పరిశ్రమ స్త్రీల ప్రాణాలకి కట్టిన విలువ అంతకు మూడేళ్ళ ముందే కనపడింది. 1993 మే 10న థాయిలాండ్‌లో కాడర్ బొమ్మల ఫ్యాక్టరీ కాలిపోయి 188 మంది చనిపోయారు, ఎక్కువమంది పడుచు ఆడపిల్లలు. అమెరికా అంగళ్ళకి బొమ్మలు చేసే చోటు అది.

బొమ్మలు కొనడం మానేయమని చెప్పడానికి ఇదంతా రాయలేదు. మానేస్తే ఆ 35 సెంట్లు కూడా పోతాయి. మేము సేకరించే స్త్రీలతో మాట్లాడుతున్నాం, ఎందుకంటే బొమ్మని తిరగేసి చూసే అలవాటు వాళ్ళకే ఉంది. అరికాలు మీద జపాన్ అని ఉంటే ఏ కాలానిదో, ఒంటి వెనక తైవాన్, మలేషియా, చైనా అని ఉంటే ఎప్పటిదో చెప్పగలరు. అక్కడ అచ్చయిన సంవత్సరం అచ్చు హక్కుదే తప్ప ఆ బొమ్మ తయారైన ఏడాది కానక్కర్లేదని కూడా వాళ్ళకి తెలుసు. ఏ కార్మిక శాఖ అధికారికీ లేనంత ఓపిక అది. ఆ ఓపికతో జాబితాలో ఇంకో గడి గీయండి అంటున్నాం: ఎక్కడ చేశారు, ఆ ఏడు అక్కడ కూలి ఎంత, ఫ్యాక్టరీలో సంఘం ఉండేదా. నిండిన గడులని కంపెనీ ముందు పెట్టి అడగండి. లెక్కల మాట తీయించింది, లిఫ్టు కొలత బయటపెట్టింది ఇలా అడిగినవాళ్ళే. తల్లి కుట్టిన గౌనుని అసలు కాదని పక్కకి నెట్టకుండా దానికీ ఒక వరస ఇవ్వండి, కుట్టినామె పేరు రాసి.

మన పాఠకుల్లో కొలువు బొమ్మలున్నవాళ్ళు, బార్బీలు దాచుకున్నవాళ్ళు, లేసు అల్లినవాళ్ళు, బొమ్మలకి బట్టలు కుట్టినవాళ్ళు ఉంటారు. మీ దగ్గర ఏమున్నాయో, ఏ డబ్బుతో కొన్నారో, ఇంట్లో ఎవరేమన్నారో, మీ తర్వాత అవి ఎవరికి వెళ్ళాలని అనుకుంటున్నారో మాకు రాయండి. కుట్టు కూలి, అల్లిక కూలి ఎంతిచ్చారో గుర్తుంటే సంవత్సరంతో సహా రాయండి. పేరు వేయవద్దంటే వేయం. వచ్చే సంచికలో ఆ ఉత్తరాలకి పేజీలు కేటాయిస్తున్నాం.